నువ్వుల్లో నూనె, నేలలో చమురు



ఆమధ్య కోనసీమలో మా బంధువుల ఊరు వెళ్లాను. సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. ఒక పెద్దాయన పేపరు తెచ్చి నా చేతిలో పెట్టారు. "మనకెదురుగా సముద్రంలో చమురు పడిందంట బాబూ. భారీ నిక్షేపాలంట. మరి పెట్రోలు రేటు ఎందుకు తగ్గదు?" అని అడిగారు. ఆయన వెటకారానికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. అలాంటి ప్రశ్నకు నాలుగు పొడి ముక్కలు చెప్పి లేచి రావడం నాకు నచ్చలేదు. ఇవాళ ఈ పావుగంట ఆ ప్రశ్నకే.

చిక్కంతా ఒక్క మాటలో ఉంది. నిక్షేపం. ఆ మాట వింటే మనకేం గుర్తొస్తుంది? లంకెబిందెలు. పునాది తవ్వుతుంటే గునపానికి ఖంగుమని తగిలింది. మూత తీశారు. లోపల వంద కాసులుంటే వందా చేతికొచ్చాయి. ఉన్నదెంతో వచ్చిందంతే.

నేలలో చమురు అలా ఉండదండీ. నువ్వుల్లో నూనె ఉన్నట్టు ఉంటుంది. నువ్వులు చేతిలోకి తీసుకుంటే నూనె కనిపించదు. గానుగ ఆడించాలి. ఆడించాక కూడా నూనె అంతా రాదు. కొంత చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్కే మన తెలగపిండి. మునగాకు వేసి తెలగపిండి కూర వండుకుంటాం కదా, ఆ కూరకు అంత కమ్మదనం ఎక్కడిది? గానుగకు లొంగని నూనెది. ఈ పోలిక గుర్తుంచుకోండి. లంకెబిందె వేరు, నువ్వుగింజ వేరు.

అసలు భూమి లోపల చమురు ఎక్కడుంటుంది? చాలామంది అనుకుంటారు, లోపలెక్కడో నల్లటి చెరువు ఉంటుంది, గొట్టం దించి తోడుకుంటారని. చెరువు లేదు. రాయి ఉంది. గోడ కట్టే ముందు తాపీమేస్త్రి ఇటుకల్ని తొట్టిలో పడేస్తాడు. బుడబుడమని బుడగలొస్తాయి. కాసేపటికి ఇటుక బరువెక్కుతుంది. నీళ్లు ఎక్కడికి పోయాయి? ఇటుకలో కంటికి కనపడని సందుల్లోకి పోయాయి. చమురూ అంతే. ఇసుకరాయి రేణువుల మధ్య సందుల్లో ఉంటుంది. రాయిలో ఎంత భాగం సందులున్నాయో చెప్పే లెక్కను ఇంజినీర్లు పోరాసిటీ అంటారు. మనం గుల్లదనం అనుకుందాం.

గుల్లదనం ఒక్కటే చాలదు. మన డెల్టా నల్ల బంకమన్ను చూడండి. వాన వెలిసి వారమైనా తడి పట్టుకునే ఉంటుంది. లోపల నీళ్లున్నాయి, కానీ వదలదు. అదే ఇసుకలో చెలమ తీస్తే గంటలో నీళ్లూరుతాయి. బంకమన్నులో సందులున్నాయి, వాటి మధ్య దారుల్లేవు. ఇసుకలో దారులున్నాయి. ఈ దారులున్న గుణాన్ని పర్మియబిలిటీ అంటారు. మనం పారుదల అనుకుందాం. గుల్లదనం వల్ల చమురు నిలుస్తుంది. పారుదల వల్ల బావిలోకి వస్తుంది. రెండూ కావాలి.

మరి ఆ రాతి సందుల్లోకి చమురు ఎలా చేరింది? కోట్ల ఏళ్ల కిందట బురదతో పాటు నీటి అడుగున చేరిన సూక్ష్మజీవులు, నాచు, చెట్టూచేమా లోతుకు కూరుకుపోయాయి. భూగర్భం వేడికి సన్న సెగ మీద ఉడికినట్టు ఉడికాయి. సుమారు 60 నుంచి 120 డిగ్రీల వేడిలో చమురు తయారవుతుంది. ఇంకా వేడెక్కితే గ్యాసే. ఆ బురద గట్టిపడి రాయైంది. అది చమురు పుట్టిన రాయి. మన గోదావరి ప్రాంతంలో అలాంటి పొర ఒకదానికి రాఘవాపురం షేల్ అని ఇక్కడి ఊరి పేరే పెట్టారు. ప్రపంచంలో ఏ భూగర్భ శాస్త్రవేత్త రాసినా ఆ పేరే రాయాలి. మన పల్లె పేరు అలా రాళ్ల పొరకు నిలిచిపోవడం నాకు గర్వంగా ఉంటుంది.

పుట్టిన చోట చమురు కుదురుగా ఉండదు. దేవుడి గూట్లో గాజుగ్లాసు దీపం పెడతాం. సగం నీళ్లు, పైన నూనె. నూనె ఎప్పుడూ పైనే తేలుతుంది. భూమి లోపలి సందుల నిండా ఉప్పునీరే. చమురు, గ్యాసు దాని మీద తేలుతూ పైకి పాకుతాయి. దారిలో గుల్లరాయి దొరికితే అందులో చేరతాయి. దాని పైన బిగువైన రాయి బోర్లించిన గిన్నెలా అడ్డుపడితే అక్కడే ఆగిపోతాయి. పుట్టిన రాయి, నిలిచిన రాయి, మూసిన రాయి. మూడూ కుదిరితేనే చమురు. ఒక్కటి తప్పినా లేదు. మన దగ్గర ఈ మూడూ కుదిరిన చోటే వార్తల్లో వినే కేజీ బేసిన్. కేజీ అంటే కృష్ణా, గోదావరి. ఈ రెండు నదులూ, వాటికంటే ముందు పారిన వాగులూ తెచ్చి పోసిన మట్టి పొరలతో నిండిన పెద్ద పల్లం అది. కొంత నేల మీద ఉంది, కొంత సముద్రంలో ఉంది.

ఇక వెతుకులాట. కుండ కొనేటప్పుడు ఏం చేస్తాం? వేలితో కొట్టి మోగించి చూస్తాం. చమురు వెతికేవాళ్లూ భూమిని మోగించి వింటారు. కోనసీమ రైతులు చూసే ఉంటారు. చేల గట్ల వెంట వైర్లు పరుస్తారు. సన్నటి గుంటలు తీసి మందు పెట్టి పేలుస్తారు. ధబ్ మని నేల అదురుతుంది. ఆ అదురు లోపలికి వెళ్లి, ఒక్కో పొరకూ తగిలి, తిరిగొస్తుంది. ఎంతసేపటికి తిరిగొచ్చిందో వైర్లకు కట్టిన పరికరాలు రాసుకుంటాయి. ఇదే సైస్మిక్ సర్వే. సముద్రంలో అయితే ఓడ లాగుతున్న గాలి తుపాకులతో చేస్తారు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ సర్వే పొరల ఆకారం చూపిస్తుంది. గిన్నె బోర్లించి ఉందో లేదో చెబుతుంది. గిన్నె కింద చమురుందో, ఉప్పునీళ్లే ఉన్నాయో ఖాయంగా చెప్పలేదు. అది తెలియాలంటే బావి తవ్వాల్సిందే.

బావి తవ్వితే చాలాసార్లు ఏమీ దొరకదు. దాన్ని డ్రై హోల్, పొడి బావి అంటారు. పొడి అన్నారు కదా అని నీళ్లు లేవనుకోకండి. ఉప్పునీళ్లు కావలసినన్ని ఉండొచ్చు. ఖర్చుకు గిట్టేంత చమురు, గ్యాసు లేదు, అంతే.

మొదటి బావిలో దొరికిందనుకుందాం. అయినా పని అయిపోలేదు. మీ చేలో తూర్పు మూల బోరు వేస్తే నీళ్లు పడ్డాయి. పడమర మూలన కూడా పడతాయని రాసివ్వగలరా? లేరు. అక్కడా ఒకటి, ఇక్కడా ఒకటి వేసి చూడాలి. అలా కొలిచి చూసే బావుల్ని అప్రైజల్ బావులంటారు. మొదటిది వెతికే బావి. తర్వాతవి కొలిచే బావులు. ఆ తర్వాతే తోడే బావులు. పేపర్లో "బయటపడింది" అని వచ్చేది తరచుగా మొదటి బావి నాడే.

బావి తవ్వకం గురించి రెండు మాటలు చెప్పాలి. బోరు వేయించుకున్న ప్రతి రైతుకూ కేసింగ్ తెలుసు. మట్టి కూలకుండా దించే గొట్టం. చమురు బావిలో కేసింగ్ ఒకటి కాదు. మీ చేతిలో ట్రాన్సిస్టర్ ఉంటే దాని ఏరియల్ చూడండి. లావు గొట్టంలో సన్నది, దానిలో ఇంకా సన్నది. ఆ ఏరియల్‌ను తలకిందులుగా భూమిలోకి దించారనుకోండి. లావుది పైన, సన్నది అడుగున. చమురు బావి ఆకారం అదే. ఒక్కో గొట్టం చుట్టూ సిమెంటు పోసి బిగిస్తారు. మనం తాగే నీళ్ల పొరలోకి కింది గ్యాసు, ఉప్పు పాకకుండా కాపాడేది ఆ సిమెంటే. అది సరిగా పట్టకపోతే నష్టపోయేది ఊరు.

రెండోది మడ్డి. ఇంజినీర్లు మడ్ అంటారు. తవ్వే గొట్టం లోపలి నుంచి చిక్కటి ద్రవం పంపిస్తారు. అది అడుగుదాకా వెళ్లి, తవ్విన రాతి పొడిని వెంటబెట్టుకుని పక్క నుంచి పైకి వస్తుంది. ఆ పొడిని చూసే ఎంత లోతులో ఏ రాయి ఉందో తెలుసుకుంటారు. కానీ మడ్డికి అంతకన్నా పెద్ద పని ఉంది. లోపలి గ్యాసును తన బరువుతో అణచి పెట్టడం. వంటింట్లో కుక్కర్ మీద వెయిట్ పెడతాం. లోపలి ఆవిరిని అదిమి ఉంచేది ఆ వెయిట్. బావికి మడ్డే వెయిట్. బరువు చాలకపోతే గ్యాసు కిందినుంచి తంతుంది. బరువు మరీ ఎక్కువైతే రాయి పగిలి మడ్డి అందులోకి జారిపోతుంది. అందుకని గంట గంటకూ తూచి చూసుకుంటారు.

ఈ బరువు కోసం మడ్డిలో ఏం కలుపుతారో తెలుసా? బెరైటీస్. మన ముగ్గురాయి. నీళ్లకు నాలుగు రెట్లకు పైగా బరువుంటుంది. ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో ఉంది. ఎక్కడెక్కడి దేశాల చమురు బావుల్లోనో గ్యాసును అణచి పెడుతున్నది మంగంపేట పొడి.

ఆ అణచడం తప్పితే ఏమవుతుంది? కోనసీమలో ఇది ఎవరికీ చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8. పాశర్లపూడి. పందొమ్మిదో నంబరు బావి. రెండు కిలోమీటర్లకు పైగా లోతు నుంచి గ్యాసు తన్నుకొచ్చి అంటుకుంది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. విదేశీ నిపుణులను పిలిపించారు. 65 రోజులు మండింది. రాత్రిపూట ఎన్నో మైళ్ల దూరానికి ఆ వెలుగు కనిపించేది. దీన్నే బ్లోఅవుట్ అంటారు. ఇది జరగకుండా బావి నోటి దగ్గర బరువైన వాల్వులు ఒకదాని మీద ఒకటి బిగిస్తారు. మడ్డి మొదటి కాపలా. ఆ వాల్వులు రెండో కాపలా. కాపలాలు రెండూ తప్పిన రోజు ఎలా ఉంటుందో మనవాళ్లు కళ్లారా చూశారు. అందుకే మీ ఊళ్లో రిగ్గు నిలబెడితే కాపలా సంగతి అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎంత?

పేపర్లో అంకె చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎంత ఉంది? ఎంత వస్తుంది? రోజుకెంత? మళ్లీ చెబుతున్నాను. ఎంత ఉంది? ఎంత వస్తుంది? రోజుకెంత? ఇవి మూడు వేర్వేరు అంకెలు. మన తెలుగు పేపర్లలో మూడింటికీ కలిపి నిక్షేపం అనో, నిల్వ అనో ఒకటే మాట వాడేస్తున్నారు. చదివేవాడు మోసపోయేది అక్కడే.

మొదటిది, ఎంత ఉంది. నువ్వుల్లో మొత్తం నూనె. దీన్ని ఇన్‌ప్లేస్ అంటారు. రాయి ఎంత మేర ఉంది, గుల్లదనం ఎంత, సందుల్లో చమురెంత, నీరెంత. గుణించి కట్టిన అంచనా ఇది.

రెండోది, ఎంత వస్తుంది. గానుగ నుంచి డబ్బాలో పడే నూనె. చమురైతే ఉన్నదాంట్లో సుమారు మూడో వంతు చేతికొస్తుంది. ప్రపంచం మొత్తం మీద సగటు అంతే. మిగతాది రాతి సందులను అంటుకుని ఉండిపోతుంది. అదీ తెలగపిండి. నీళ్లు ఎక్కించి నెడతారు, ఆవిరి పంపుతారు, మందులు కలుపుతారు. అది గానుగను రెండోసారి తిప్పడం లాంటిది. ఇంకొంచెం వస్తుంది, అంతా రాదు. గ్యాసు పలచన కాబట్టి నయం. మంచి రాయి అయితే నాలుగింట మూడు వంతులు కూడా రావచ్చు.

ఈ రెండో అంకెనే ఇంగ్లీషులో రిజర్వ్స్ అంటారు. ఇందులోనూ మెట్లున్నాయి. వరి పండించేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. కళ్లంలో కుప్ప నూర్చి కొలిచిన ధాన్యం ఒకటి. కోతకొచ్చిన చేను ఒకటి. పొట్టమీదున్న చేను ఒకటి. కొలిచిన ధాన్యం లాంటిది రుజువైన నిల్వ. కనీసం అంత రావడానికి నూటికి 90 పాళ్లు అవకాశం ఉందన్నప్పుడే అలా అంటారు. కోతకొచ్చిన చేను కూడా కలిపితే సగానికి సగం నమ్మకం. పొట్టమీదున్నదీ కలిపి లెక్కేస్తే నూటికి పది. పొట్టమీదున్న చేనును చూపించి అప్పు తెచ్చుకున్నవాళ్లకు తెలుసు, తుపాను వస్తే ఏమవుతుందో. అంకె ఎంత అన్నది కాదు, అది కళ్లందా, చేనుదా అని అడగాలి.

ఇంకో విచిత్రం చెబుతాను. నిల్వ అన్నది ధరను బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. కొబ్బరికాయ ధర పడిపోయి దింపు కూలి కూడా రాని రోజుల్లో కాయలు చెట్టు మీదే వదిలేస్తాం. కాయలు లేవా? ఉన్నాయి. కానీ లెక్కలో లేవు. చమురూ అంతే. తీసే ఖర్చు గిట్టకపోతే అది నిల్వ కాదు. భూమిలో చుక్క తగ్గకుండానే పుస్తకంలో నిల్వ తగ్గిపోతుంది.

మొదటి అంకెను రెండో అంకె అనుకుంటే ఏం జరుగుతుందో మన తీరంలోనే చూశాం. 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ ఒకటి కేజీ బేసిన్‌లో, కాకినాడకు ఎదురుగా ఉన్న సముద్రంలో, 20 లక్షల కోట్ల ఘనపు అడుగుల గ్యాసు ఉందని ప్రకటించింది. పెద్ద పండగైంది. తర్వాత బావులు తవ్వి, కొలిచి, తీసే ప్రణాళిక వేసే నాటికి లెక్కలోకొచ్చింది అందులో పదో వంతు దగ్గర. రాయి బిగువు, వేడి ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ. గుల్లదనం ఉన్న చోట పారుదల లేదు. బంకమన్ను కథే.

ఇక మూడోది, రోజుకెంత. వేసవిలో గోలీసోడా కొట్టించి చూడండి. గోలీ లోపలికి పోగానే బుస్సుమని పొంగుతుంది. అయిదు నిమిషాలాగితే? చప్పబడిపోతుంది. కొత్త బావిలో ఒత్తిడి ఉంటుంది. చమురు, గ్యాసు వాటంతటవే తోసుకొస్తాయి. రోజులు గడిచేకొద్దీ ఒత్తిడి పడిపోతుంది. రాబడి తగ్గుతుంది. ప్రతి బావికీ ఈ తగ్గుదల తప్పదు. తొందరపడి లాగితే ఇంకో ప్రమాదం కూడా ఉంది. కోనసీమలో ఆశపడి ఎక్కువ తోడిన బోరు ఉప్పు తిరిగిపోతుంది కదా. మంచినీళ్ల కింద ఉన్న ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. చమురు బావిలోనూ కిందనున్న నీరు అలాగే ఎగదన్నుతుంది.

డి6 పేరు మీరు వినే ఉంటారు. కాకినాడ తీరానికి దూరంగా లోతు సముద్రంలో రిలయన్స్ వాళ్లు 2002లో కనుక్కున్న గ్యాసు. 2009 ఏప్రిల్‌లో తీయడం మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీయాలని ప్రణాళిక. 2010లో 6 కోట్లు దాటింది. అదే శిఖరం. మూడేళ్లు తిరిగేసరికి అందులో మూడో వంతు కూడా లేదు. బావుల్లోకి నీరు, ఇసుక వచ్చాయి. ఒత్తిడి పడిపోయింది. చెప్పినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం, రాయి స్వభావమే అంతని కంపెనీ ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. ఆ గ్యాసును నమ్ముకుని మన రాష్ట్రంలో కట్టిన కరెంటు కేంద్రాలు మాత్రం ఖాళీగా నిలబడ్డాయి. వాటికి తెచ్చిన అప్పుల వడ్డీ ఆగలేదు. నాకు బాధ కలిగించేది ఇదే. ఎంత ఉంది అన్న అంకె చూసి రోజుకెంత అన్నదాని మీద ఇల్లు కట్టుకున్నాం. ఆ మొదటి గ్యాసు క్షేత్రం 2020 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఆ డి6లోనే వేరే క్షేత్రం నుంచి అదే ఏడాది చివర మళ్లీ గ్యాసు మొదలైంది.

కొలతల గురించి ఒక్క నిమిషం. చమురును బ్యారెళ్లలో లెక్కిస్తారు. బ్యారెల్ అంటే పీపా. 159 లీటర్లు. కిరాణా కొట్లో పదిహేను కిలోల నూనె డబ్బాలు ఉంటాయి కదా, దాదాపు పది డబ్బాలు. గ్యాసును ఘనపు మీటర్లలోనో, ఘనపు అడుగుల్లోనో కొలుస్తారు. మన సిలిండర్‌లోది బావిలో గ్యాసు కాదండీ. అది ఎల్పీజీ, గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. బావిలో వచ్చే సహజవాయువు ఎక్కువ భాగం మీథేను. గాలికన్నా తేలిక, పైకి పోతుంది. ఒక సిలిండర్ ఇచ్చేంత వేడి కావాలంటే సహజవాయువు సుమారు 18 ఘనపు మీటర్లు కావాలి.

ఇప్పుడు అరుగు మీది పెద్దాయన ప్రశ్న. బాబాయ్ గారూ, ఈ ప్రసంగం మీరు వింటూ ఉంటే ఇది మీకే. మన సముద్రంలో పడినదాంట్లో ఎక్కువ భాగం గ్యాసు. దాని నుంచి ఎరువులు, కరెంటు వస్తాయి, పెట్రోలు రాదు. చమురు కూడా ఉంది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ వాళ్లు మన తీరానికి ఎదురుగా తమ లోతు నీళ్ల బావుల నుంచి మొదటిసారి చమురు తీశారు. ఇన్నేళ్ల శ్రమకు అది గొప్ప ఫలితమే. మీ పేపర్లో వేసింది ఎంత ఉంది అన్న అంకె. మీరడగాల్సింది మూడో అంకె. అన్ని బావులూ పూర్తిగా పనిచేస్తే రోజుకు 45 వేల బ్యారెళ్లు వస్తాయని వాళ్లే చెప్పారు. మన దేశం రోజుకు వాడేది 50 లక్షల బ్యారెళ్లకు పైనే. నూటికి ఒకటి కూడా కాదు బాబాయ్ గారూ. మిగతాది చాలావరకు ఓడల్లో రావాల్సిందే. ఆ ఓడ దిగిన ధర దగ్గరే మీ బంకు ధర మొదలవుతుంది.